కాటు మానింది, భయం మానలేదు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పిల్లల చదువులు, వంటింటి ఖర్చులు, పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులు, వీటిదే పెద్ద వాటా. కొద్ది నెలలుగా మరొక సంగతి కూడా వాటి సరసన చేరి కూర్చున్నది. నడకకు తీసుకువెళ్ళిన పెంపుడు కుక్కను దారిలో ఇంకొక కుక్క కరచింది, ఇప్పుడేం చేయాలి అన్నదే ఆ సంగతి. అడిగినవారిలో హెచ్చుమంది మహదేవపుర ప్రాంతంవారు: హూడి, గరుడాచారుపాళ్యం, కుందలహళ్ళి, వైట్‌ఫీల్డు. ఒక్కొక్కరికి విడిగా జవాబు వ్రాయడం సాధ్యం కాక, అందరికీ కలిపి ఈ నెల ఇక్కడనే మనవి చేస్తున్నాము.

ఆ ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని రెండు రోజులు ఆలోచనలో పడవేసింది. వ్రాసినవారు అరవై దాటిన ఇల్లాలు. కొడుకు ఉద్యోగం వెంట ఒంగోలు వైపునుంచి వచ్చి, ఎనిమిదో అంతస్తులో కాపురం వుంటున్నారు. కొడుకూ కోడలూ ఉదయం వెళితే రాత్రికి గాని రారు. పగలంతా ఆమెకు తోడు ఆరేళ్ళ కుక్కపిల్ల. ఆరేళ్ళు వచ్చినా ఆమెకు అది పిల్లే. పేరు చిట్టి. ఒక సాయంత్రం చెరువు పక్క దారిన నడుస్తుంటే, అదే భవనంలో వుండే మరొకరి పెద్ద కుక్క మెడపట్టీ జారవిడుచుకుని వెనకనుంచి వచ్చి చిట్టి మెడ పట్టుకున్నది. కాపలా మనిషి "నాయి బంతు, నాయి బంతు" అని కేకవేసేలోపలే అంతా అయిపోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. మూడు వారాలకు గాయం మానింది.

"గాయం మానింది గాని, అది లిఫ్టు దగ్గరకు రాగానే కాళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నది. లిఫ్టు గంట మోగితే మంచం కిందికి దూరుతున్నది. నేనుకూడా కిందికి దిగి నెల దాటింది. నా చేతిలో గొలుసు పెట్టుకుని దాన్ని కాపాడలేకపోయానే అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇది చాదస్తమంటారా?" అని ఆమె ప్రశ్న.

చాదస్తం కాదమ్మా. నవ్వే వారుంటారు, నిజమే. మనుషులకే దిక్కులేని ఈ నగరంలో కుక్కకు కలిగిన భయం గురించి ఒక పుట ఖర్చు చేస్తారా అని మమ్మల్నికూడా అడగవచ్చు. అటువంటివారికి మహాభారతం ఎక్కడ మొదలవుతుందో గుర్తుచేస్తాము. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటాడు. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆ చోటికి వస్తాడు. జనమేజయుని తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోతుంది. "నువ్వేదో తప్పు చేసి వుంటావు" అంటుంది తల్లి మొదట. లోకంలో దెబ్బ తిన్నవారిని మనమందరం మొదట అడిగే మాట అదే కదా! "ఏమీ చేయలేదు, హవిస్సువైపు చూడనైనా లేదు" అంటుంది పిల్ల. అప్పుడు సరమ యాగశాలకు వచ్చి, నా బిడ్డను ఎందుకు కొట్టారని అడుగుతుంది. వాళ్ళు బదులు పలకరు. తప్పు చేయనివానిని కొట్టారు గనుక మీకు కనపడని దిక్కునుంచి భయం వస్తుంది అని చెప్పి ఆమె వెళ్ళిపోతుంది.

నన్నయగారు తెనుగు చేసిన భారతంలోనూ ఈ కథ తొలి ఘట్టాలలోనే వున్నది. ఇందులో మూడు సంగతులు గమనించదగినవి. కుక్క నొప్పిని కవులు చిన్న సంగతి అనుకోలేదు. కొట్టడం ఒక తప్పయితే, అడిగినప్పుడు బదులు పలకకపోవడం రెండో తప్పు. ఇక మూడోది, భయం ఎదుటనుంచి రాకుండా కనపడని దిక్కునుంచి వస్తే అది మహారాజునుకూడా వదలదు. జనమేజయుడు ఆ మాటను నవ్వి కొట్టివేయలేదు. శాంతి చేయించగల పురోహితుని వెదకుతూ బయలుదేరాడు. చిట్టి భయమూ అటువంటిదే. దెబ్బ వెనకనుంచి వచ్చింది. ఇప్పుడు దానికి ప్రతి దిక్కూ వెనకదిక్కే.

ఈ బాధ మహదేవపురలో ఎందుకింత ఎక్కువగా వినబడుతున్నదో కొంచెం చెప్పుకుందాం. 2007 వరకు ఇది వేరే పురపాలిక. ఆ ఏడు బృహత్ బెంగళూరు మహానగరపాలికలో కలిసింది. 2025 సెప్టెంబరునుంచి బెంగళూరు తూర్పు నగరపాలిక కిందికి వచ్చింది. ఒకనాటి పల్లెలు, చెరువులు, రాగి చేలు పోయి, కంపెనీలూ, ఆకాశాన్నంటే భవనాలూ వచ్చాయి. ఊరు మారింది గాని ఊరికుక్క ఎక్కడికి పోతుంది? 2023లో నగరపాలిక వీథికుక్కలను లెక్కవేస్తే, నగరం మొత్తంమీద 2 లక్షల 79 వేల పైచిలుకు తేలాయి. వాటిలో 58 వేలకు పైగా ఒక్క మహదేవపుర మండలంలోనే వున్నాయి. ఎనిమిది మండలాలలో ఇదే మొదటి స్థానం. కట్టడాల దగ్గర కూలీలు పెట్టే మెతుకులు, ఖాళీ స్థలాలలో చెత్త, రాత్రి కాపలావారి స్నేహం, ఇవి వున్నచోట కుక్కలూ వుంటాయి. దానికితోడు మేడలలో పెంపుడు కుక్కలు పెరిగాయి. రెండు జాతుల దారీ ఒకటే, వేళా ఒకటే: తెల్లవారుజాము, సందెవేళ.

వీథికుక్కల పక్షానకూడా ఒక మాట చెప్పాలి. అదే లెక్కలో నూటికి 71 కుక్కలకు పైగా పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయినట్లు తేలింది. 2019లో అది 51 మాత్రమే. చెవి కొసన చిన్న కోత వుంటే శస్త్రచికిత్స అయిందని గుర్తు. 2023 నిబంధనల ప్రకారం, చికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే వాటిని తిరిగి వదలాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతం కుక్కలన్నిటినీ శిబిరాలకు తరలించమని మొదట చెప్పి, అదే నెల 22వ తేదీన ఆ ఉత్తరువును సవరించింది. పిచ్చికుక్కలనూ, మీదపడే స్వభావం కలవాటినీ తప్ప మిగిలినవాటిని వాటి చోటికే పంపమన్నది. తిండి పెట్టేందుకు వేరే స్థలాలు నిర్ణయించమన్నది. నవంబరులో మరొక ఉత్తరువు వేసి బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైలు స్టేషన్ల ఆవరణలనుంచి తీసివేయమన్నది. వీథికుక్క చేరువలో వుండడం మనకు ఇష్టమైనా కాకపోయినా, దానితో సర్దుకుని నడవడం నేర్చుకోక తప్పదు. అదీగాక, మాకు వచ్చిన ఉత్తరాలలో కరచినది వీథికుక్క కాదు, పక్కింటివారి కుక్క అని వ్రాసినవీ తక్కువేమీ కాదు.

ఇక పనిలోకి వద్దాం. కుక్కలు రెండు పట్టుకున్నప్పుడు మధ్యలో చేయి పెట్టవద్దు. ప్రేమకొద్దీ అందరూ చేసే పని అదే. ఆసుపత్రికి మనిషి వెళ్ళవలసి వచ్చేదీ అందువల్లనే. పట్టు పట్టిన కుక్కను గుంజితే పంటికింది కండ చీరుకుపోతుంది. నీళ్ళు మొహాన కొట్టడం, గొడుగు టప్పున తెరిచి రెండింటి మధ్య పెట్టడం, పెద్ద చప్పుడు చేయడం, అట్టో సంచో అడ్డు దూర్చడం, ఇవి మేలైన ఉపాయాలు. పరుగెత్తవద్దు. అందుకే చెరువు దారిన వెళ్ళేవారు, వాన వచ్చినా రాకపోయినా, ఒక గొడుగూ ఒక నీళ్ళ సీసా వెంట వుంచుకుంటే మంచిది.

విడిపోయిన తరువాత మీ కుక్క మీ చేతినే కరవవచ్చు. అది కృతఘ్నత కాదు, నొప్పి. ఊపిరి బాగా ఆడుతుంటే, వాంతి లేకుంటే, మెత్తని గుడ్డపీలికతో మూతి వదులుగా కట్టి ఎత్తుకోండి. నెత్తురు కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ గాయంలో పోయవద్దు. మనుషులకు వాడే నొప్పిమాత్రలు ఇవ్వవద్దు. మనకు మేలు చేసే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్క పాలిట విషం కాగలవు. అవతలి కుక్క చొంగ మీ కుక్క బొచ్చుమీద వుంటుంది గనుక, చేతికి తొడుగు వేసుకునే ముట్టుకోండి.

ఆ తరువాత, పైకి ఏమీ లేదనిపించినా సరే, పశువైద్యునికి చూపించండి. కుక్కకాటు స్వభావం మోసకారి. పైన సూదిబెజ్జమంత కన్నం. లోపల చర్మం కండనుంచి విడిపోయి, కండ నలిగి వుంటుంది. పట్టుకుని విదిలిస్తుంది గదా, అందువల్ల. చిన్న కుక్కలకు ఛాతీమీద పంటిగాటు పడితే పక్కటెముకలకూ ఊపిరితిత్తులకూకూడా దెబ్బ తగలవచ్చు. ఆ రోజు చలాకీగానే తిరిగిన కుక్క రెండో రోజునో మూడో రోజునో జ్వరంతో పడిపోవడం, కాటు వున్నచోట చీము గడ్డ కట్టడం సాధారణం. బొచ్చు గొరిగి వెదికితే గాని కొన్ని గాట్లు కనపడవు. దగ్గరలో వైద్యుడు దొరకకపోతే, హెబ్బాళలో 1958నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల ఆసుపత్రి వున్నది. మహదేవపురనుంచి రింగు రోడ్డు పట్టుకుంటే అక్కడికి చేరవచ్చు.

తరువాత పిచ్చికుక్క వ్యాధి సంగతి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు బొడ్డుచుట్టూ పొడిచే పద్నాలుగు సూదులు ఇంకా జ్ఞాపకమే. గొర్రె మెదడునుంచి తయారుచేసిన ఆ పాత మందును మన దేశంలో 2004 చివరికి మానివేశారు. 1885లో పాశ్చర్ మహాశయుడు ఒక ఫ్రెంచి పిల్లవాడిమీద మొదటిసారి ప్రయోగించిన నాటినుంచి, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసిన నాటినుంచి, ఈ వైద్యం ఎంతో మారింది. ఇప్పటి సూదులు భుజానికే. వ్యాధి పైకి కనబడితే బ్రతికి బయటపడడం దాదాపు లేనే లేదు. కాని వేళకు టీకా పడితే వ్యాధి రాకుండా ఆపవచ్చు. ఇంత ఖచ్చితంగా తప్పించుకోగల మృత్యువు మరొకటి లేదేమో.

అందుచేత, పోట్లాటలో మీ చేతికి గాటు గాని గీత గాని పడితే, వెంటనే పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటికింద కడగండి. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. మొదటి రోజు, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజులలో కండకు ఇచ్చే సూదుల క్రమం ఒకటి. చర్మంలోకి ఇచ్చే క్రమం మరొకటి. గాయం లోతుగా వుండి నెత్తురు వస్తే, టీకాతోపాటు గాయం చుట్టూ ఇచ్చే ఇంకొక మందుకూడా అవసరం. అది ఎవరి పెంపుడు కుక్కో తెలుసునని వూరుకోవద్దు. కరచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమంటారు. పది రోజులూ ఆరోగ్యంగా వుంటే కరచిన నాడు దాని చొంగలో ఆ విషం లేదని అర్థం. కాని ఆ పది రోజులు గడవనిచ్చి అప్పుడు సూది వేయించుకుందామనుకోవడం ప్రాణంతో పందెం. మీ కుక్కకు ఏటేటా టీకా వేయిస్తున్నా, కాటు పడినవెంటనే మరొక మోతాదు వేయించాలి. ఇదివరకు వేయించకపోతే వైద్యుడు చెప్పిన వరుస అంతా పూర్తిచేయించి, దాన్ని కనిపెట్టుకుని వుండాలి.

ఇంతవరకు ఒంటి సంగతి. ఇది డబ్బుతోనూ మందుతోనూ తీరుతుంది. మనసు సంగతే కష్టం.

రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుని పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వుంటుంది. 1904లో నోబెల్ బహుమానం పొందినవాడు. తిండికి ముందు ఒక గుర్తు చూపుతూ వుంటే, కొన్నాళ్ళకు ఆ గుర్తుకే కుక్క నోట నీరూరుతుందని చూపించినవాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడులో పెద్ద వరద వచ్చింది. ఆయన కుక్కలున్న గదులలోకి నీరు చొచ్చుకువచ్చింది. పనివారు వాటిని నీళ్ళలో ఈదించి బయటకు తెచ్చారు. ప్రాణాలు దక్కాయి. కాని కొన్ని కుక్కలు మునుపటి కుక్కలు కాలేదు. నేర్చినవన్నీ మరచిపోయాయి, తిండి ముట్టలేదు. కొన్ని వారాల ఓపికమీద కుదుటపడిన ఒక కుక్కను గదిలో వుంచి, తలుపు కిందనుంచి కాసిని నీళ్ళు పారనిచ్చి చూస్తే, అది మళ్ళీ కలతపడిపోయింది. నగరాన్ని ముంచిన వరద దానికి తలుపుకింది తడిలో కనబడింది. పాముకాటు తిన్నవాడు తాడును చూసి జడిసినట్లు అని మన పెద్దలు అన్నది ఇదే.

చిట్టికి లిఫ్టు గంట ఆ తలుపుకింది తడి. గంట మోగితే కిందికి పోవడం, కిందికి పోతే చెరువు దారి, దారిలో ఆ కోరలు. ఈ ముళ్ళను వేసింది ఒక్క క్షణం. విప్పడానికి వారాలూ, ఒక్కొక్కసారి నెలలూ పడతాయి. విప్పే పద్ధతికూడా పావ్లోవు చూపిన దారిలోదే. భయపడే వస్తువును దూరంగా, చిన్నదిగా చూపి, వెంటనే ఇష్టమైన తిండి పెట్టడం. అంతకుమించి రహస్యం లేదు. చేసేవారికి ఓపిక వుండడమే అరుదు.

మొదటి వారం పది రోజులు అసలు నడకకు పట్టుబట్టవద్దు. కాలకృత్యాలకు మాత్రం, కుక్కలు తిరగని వేళ చూసి, వేరే గుమ్మంనుంచి తీసుకువెళ్ళండి. తరువాత లిఫ్టు దగ్గర. ఎక్కించకండి. పది అడుగుల దూరంలో కూర్చుని, గంట మోగినప్పుడల్లా ఉడికించిన కోడిమాంసం ముక్కో, శాకాహారులైతే పనీరు ముక్కో పెట్టండి. నాలుగు రోజులకు గంట మోగితే మీ చేతివైపు చూస్తుంది. ఆనాడు ఇంకొంచెం దగ్గరకు జరగండి. అదే విధంగా లిఫ్టులోకి, గుమ్మందాకా, రోడ్డుదాకా. దూరాన కుక్క కనబడితే, మీది బెదరకముందే తిండి పెట్టి, నెమ్మదిగా పక్కకు తప్పుకోండి. తోక కాళ్ళ మధ్య దూర్చడం, చెవులు వెనక్కు వాల్చడం, ఎండ లేకపోయినా రొప్పడం, ఊరికే ఆవులించడం, పెదవులు నాక్కోవడం, ఇవి భయానికి గుర్తులు. ఇష్టమైన ముక్కనుకూడా ముట్టకపోతే మీరు మరీ దగ్గరకు వచ్చారన్నమాట, వెనక్కు తగ్గండి. ఇవాళ తగ్గితే ఓడినట్లు కాదు.

చేయకూడనివి మూడు. ఒకటి, భయం పోవాలని మెడబట్టి లాక్కుపోయి ఇంకొక కుక్క ముందు నిలబెట్టడం. ఈత రానివాడిని మళ్ళీ బావిలో తోయడం వంటిది ఇది. రెండు, గుర్రుమంటే కొట్టడం. మొరిగే కుక్క కరవదని సామెత చెప్పుకుంటాము గాని, గుర్రుమనడం అది మనకు ఇచ్చే హెచ్చరిక. ఆ నోరు నొక్కితే, ఈసారి హెచ్చరించకుండా కరుస్తుంది. మూడు, ఊరడిస్తే భయం ముదురుతుందని ముద్దు మానివేయడం. దగ్గరకు వచ్చినప్పుడు నిమరండి. అందువల్ల భయం ముదరదు. మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడితే, పాత గాయం ఒరుసుకోదు, జారిపోదు. నెలా రెండు నెలలకుకూడా తిండి, నిద్ర సరిపడకపోతే, లోపల నొప్పి మిగిలి వున్నదేమో వైద్యునిచేత మళ్ళీ చూపించండి. బెదురు తగ్గించే మందులుకూడా వున్నవి. వైద్యుడు ఇస్తే వాడడానికి సంకోచం అక్కరలేదు.

ఇక గొలుసుకు ఇవతలి కొసన వున్న మనిషి. ఉత్తరం వ్రాసిన తల్లికి ఒక ప్రశ్న. మీ చేతిలో గొలుసు వుండగా జరిగింది గనుక తప్పు మీదంటారు. మరి ఆ గొలుసు లేకపోతే ఏమయ్యేది? గొలుసుతో నడిపించడం తప్పు కాదు. చెరువు దారిని నడవడం తప్పు కాదు. వెనకనుంచి వచ్చినదాన్ని చూడకపోవడం తప్పు కాదు, మనకు వీపున కళ్ళు లేవు. మీరు దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చారు. సరమ తన బిడ్డను ముందు అనుమానించింది గాని, తరువాత బిడ్డ పక్షాన నిలబడి అడిగింది. మీరు మిమ్మల్నే అనుమానించుకుంటూ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

కుక్కతో నడవడానికి ముందు, కుక్క లేకుండా మీరొక్కరే నాలుగు రోజులు కిందికి దిగండి. మొదటి రోజు గుమ్మందాకా చాలు. గొలుసు పట్టిన చేయి బిగిస్తే ఆ బిగువు తాడువెంట కుక్కకు అందుతుంది. మీ చేయి వదులైన నాడే దాని నడక వదులవుతుంది. తోడుగా ఎవరినైనా తీసుకువెళ్ళండి. ఇంట్లో చెప్పండి, నవ్వితే నవ్వనివ్వండి, చెప్పడం మానవద్దు. పగలంతా ఎనిమిదో అంతస్తులో ఒంటరిగా వుండే మనిషికి రోజుకు రెండు పూటల నడక ఎంత ఆధారమో ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. ఆ నడకవల్ల ఆమె నలుగురితో రెండు మాటలు కన్నడంలో, రెండు మాటలు తెలుగులో మాట్లాడుతుంది. అది ఆగిపోతే ఇంట్లో వణికేది కుక్క ఒక్కటే కాదని ఆ బిడ్డలకు మా మనవి. వారానికి రెండు సాయంత్రాలు ఒక గంట ముందు ఇల్లు చేరి తల్లితో కిందికి దిగితే, అంతకంటె మంచి మందు మేము చెప్పలేము.

చివరి చిక్కు, అన్నిటికంటె పెద్దది: అవతలి కుక్క యజమాని. ఈ ఉత్తరంలో వారూ తెలుగువారే. ఉగాదికి బొబ్బట్లు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు. ఆ రోజు "మా కుక్క ఎప్పుడూ ఇలా చేయలేదండీ" అని వెళ్ళిపోయినవారు, మళ్ళీ పలకరించలేదట. లిఫ్టులో ఎదురైతే ఇద్దరూ అంకెలవైపు చూస్తున్నారట. కుట్లు వేసిన ఖర్చుకంటె ఆ మౌనమే ఆమెకు ఎక్కువ బాధగా వున్నదని ఉత్తరం చదివినవారికి ఎవరికైనా తెలుస్తుంది. యాగశాలలో బదులు పలకనివారి కథ ఇందాక చెప్పినది అందుకే.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెత ఇక్కడ పనికిరాదు. కొందరు పోలీసు స్టేషనుకు పొమ్మంటారు. చట్టం లేకపోలేదు. 2024 జూలై 1నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత 291వ విభాగం ప్రకారం, తన పెంపుడు జంతువువల్ల మనిషి ప్రాణానికి ముప్పుగాని తీవ్రమైన గాయంగాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలలవరకు ఖైదు, అయిదు వేలవరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాని అది మనిషికి కలిగే ముప్పు గురించిన విభాగం. మీకు కావలసినది ఆ ఇంటాయన ఖైదు కాదు. రేపు అదే లిఫ్టులో అదే కుక్కతో మీరు ఎక్కగలగడం.

అందుచేత ఒకసారి మీరే అడగండి. కోపం చల్లారిన తరువాత, కొడుకును వెంటబెట్టుకుని, ఆసుపత్రి చీటీలు చేతబట్టుకుని వెళ్ళండి. నాలుగు కోరికలు చాలు: వారి కుక్కకు టీకా వేసిన కాగితం చూపించడం, వైద్యపు ఖర్చు భరించడం, నలుగురూ తిరిగే చోట దానికి జారని పట్టీ, మూతికి చిక్కం, రెండు కుక్కలూ ఎదురుపడకుండా నడక వేళల ఒప్పందం. జరిగిన తేదీ, వేళ, గాయాల ఫొటోలు ఒకచోట వ్రాసి వుంచుకోండి. మాట కుదరకపోతే భవన సంఘానికి వ్రాతమూలకంగా ఇవ్వండి. ఆ తరువాతే నగరపాలిక, పోలీసులు. సంఘంవారుకూడా ఒక ఇంటి కుక్క కరచిందని అందరి కుక్కలనూ వెళ్ళగొట్టమని తీర్మానం చేయకూడదు. అట్లా నిషేధించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే సూచనలు ఇచ్చింది.

కరచిన కుక్క యజమానులు ఈ పుట చదువుతుంటే వారికీ ఒక మాట. మీకు అవమానంగా వుంటుంది. మీ కుక్కనూ బిడ్డలాగే పెంచుకున్నారు. మొహం చాటువేయడం అందువల్లనేనని మాకు తెలుసు. అయినా వెళ్ళి తలుపు తట్టండి. "ఎట్లా వున్నదండీ చిట్టి?" అన్న ఒక్క మాటకు వున్న బలం వంద రూపాయల కాగితాల కట్టకు లేదు. మీ కుక్క ఎందుకు మీదపడిందో వైద్యునికో, శిక్షకునికో చూపించండి. ఒకసారి రుచి మరిగిందని చంపవలసిన పని లేదు. మళ్ళీ అవకాశం ఇవ్వకుండా చూడవలసిన పని మాత్రం మీది.

కొన్ని ఇళ్ళలో కుక్క బ్రతకలేదు. అటువంటి ఉత్తరాలు రెండు వచ్చాయి. వాటికి ఉపాయాలు చెప్పబోము. ఏడవండి. పిల్లలకు అబద్ధం చెప్పవద్దు, ఊరికి పంపామనవద్దు. దాని గిన్నె, గొలుసు వెంటనే పారవేయనక్కరలేదు. మరొక పిల్లను తెచ్చి ఆ ఖాళీలో రేపే కూర్చోబెట్టనూ అక్కరలేదు. ధర్మరాజు స్వర్గద్వారం దగ్గరకూడా వెంటవచ్చిన కుక్కను విడవనన్నాడు. అంత త్వరగా విడవమని మిమ్మల్ని అడగడానికి ఎవరికీ అధికారం లేదు.

ఈ సంచిక చేతికి అందినరోజున చదువరులు చేయవలసిన చిన్న పని ఒకటి వున్నది. వంటింటి కేలండరు పక్కన, పాలవాడి లెక్క వ్రాసుకునేచోట, దగ్గరి పశువైద్యుని ఫోను నంబరు, రాత్రివేళ తెరిచివుండే ఆసుపత్రి నంబరు, మీ కుక్కకు కిందటిసారి టీకా వేయించిన తేదీ, మూడూ పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టండి. తేదీ గుర్తుకు రాకపోతే ఈ ఆదివారమే తీసుకువెళ్ళండి. మహదేవపురలో కుక్కలతో నడిచే సభ్యులు నలుగురైదుగురు ఒకే వేళకు కలిసి బయలుదేరే ఏర్పాటు చేసుకుంటే ఇంకా మంచిది. కార్యాలయానికి పేరు, పేట వ్రాసి పంపితే ఒకరి సంగతి ఒకరికి తెలియజేసే పూచీ మాది.